బాసీ నీళ్ల పనితనం

బోరే వేరు, బాసీ వేరు. ఛత్తీస్‌గఢ్ బయటివాళ్లం రెండింటినీ కలిపి ‘బోరే బాసీ’ అనేస్తాం. ప్రభుత్వ ప్రకటనల్లోనూ ఆ జంటపేరే కనిపిస్తుంది. రాయ్‌పూర్ చుట్టుపక్కల పల్లెల్లో వంటింటి బాధ్యత మోసే ఆడవాళ్లు మాత్రం ఈ తేడాను ఎప్పుడూ పొరబడరు. పొద్దున వండిన అన్నం చల్లారాక నీళ్లు పోసి, కొద్ది గంటల్లో అదే రోజు తినేస్తే బోరే. రాత్రి అన్నాన్ని నీళ్లలో ముంచి ఉంచి తెల్లవారాక తింటే బాసీ. మొదటిది ఒంటికి చలవ కోసం, రెండోది ఆ చలవతో పాటు వచ్చే పులుపు కోసం. మధ్యలో ఒక రాత్రి గడవడమే తేడా. బాసీలోని పనితనమంతా ఆ రాత్రిని ఎలా నడిపించాలన్న దాంట్లో ఉంది.

అన్నం సంగతి అలా ఉంచి, నేను ముఖ్యంగా రాయదలచుకున్నది ఆ గిన్నెలో పైకి తేరే నీళ్ల గురించి. వాటినీ, వార్చిన గంజినీ కూడా అక్కడ పసియా అంటారు. పొలానికి వెళ్లేవాడు, ఇటుక మోసేవాడు, రిక్షా తొక్కేవాడు మెతుకులు తిన్నాక బట్కీ ఎత్తి గటగటా తాగేది ఆ నీళ్లే. బట్కీ అంటే లోతైన కంచు గిన్నె. ఎండాకాలం పొద్దున ఆ నీళ్లు కడుపులో పడ్డాక మధ్యాహ్నం దాకా దాహం మనిషిని అంతగా వేధించదు. ఏ లెక్కన చూసినా అది ఒక శీతల పానీయం. ఆ దృష్టితో దాన్ని చూసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు చూడవలసిన కారణం ఉంది. ప్రపంచమంతటా శీతల పానీయాల వ్యాపారం ఈ మధ్య కడుపు ఆరోగ్యం వైపు తిరిగింది. పేగుల్లో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం అందిస్తామంటూ ప్రీబయోటిక్ సోడా అనే తరగతి పుట్టింది. అమెరికాలో ఆ తరహా సోడా చేసే పాప్పీ అనే కంపెనీని కొనడానికి 2025 మార్చిలో పెప్సీకో 195 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అంతకు ముందు నెలలోనే కోకాకోలా తన వంతుగా సింప్లీ పాప్ అనే పానీయాన్ని ప్రకటించింది. పాప్పీ డబ్బాలో అప్పట్లో ఉన్న పీచు 2 గ్రాములు. ఆ కాస్త పీచుతో పేగులకు మేలు జరుగుతుందని చెప్పుకోవడం తగదని వినియోగదారులు దావా వేస్తే, కంపెనీ 89 లక్షల డాలర్లకు రాజీకి వచ్చింది.

ఈ మలుపు ఎందుకు వచ్చిందో తెలిసిందే. మామూలు కోలా 300 మిల్లీలీటర్లు తాగితే 30 గ్రాములు దాటి చక్కెర లోపలికి పోతుంది. రోజు మొత్తానికి అదనపు చక్కెర 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. చక్కెర తీసేసి కృత్రిమ తీపి వేద్దామంటే, బరువు తగ్గడానికి వాటిని నమ్ముకోవద్దని అదే సంస్థ 2023 మేలో సూచించింది. తీపి దారి రెండు వైపులా ఇరుకైపోయింది. అందుకే పెద్ద పెద్ద ప్రయోగశాలలు ఇప్పుడు పులుపు, పీచు, సూక్ష్మజీవి అనే మూడింటిని సీసాలో ఎలా ఇమడ్చాలా అని చూస్తున్నాయి. బట్కీలో ఆ మూడూ ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని అక్కడ చేర్చే చేతి నైపుణ్యాన్ని అంచెలంచెలుగా చూడాలి.

మొదట బియ్యం. ఈ విషయంలో రాయ్‌పూర్‌కు ఉన్నంత అదృష్టం మరో ఊరికి ఉందని నేను అనుకోను. వరి శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా 1970లలో ఇక్కడి వరి పరిశోధన సంస్థకు నాయకత్వం వహిస్తూ ఊరూరా తిరిగి వేల కొద్దీ నాటు రకాలు సేకరించారు. రైతు చెప్పిన పేరు, గింజ తీరు, పంట కాలం రాసి పెట్టించారు. ఆ విత్తనాలు ఇప్పుడు రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం భద్రతలో ఉన్నాయి. ఆ భాండాగారంలో నేడు 23 వేలకు పైగా వరి నమూనాలున్నాయి. 2002లో వాటి విషయమై ఆ విశ్వవిద్యాలయానికి సింజెంటా అనే విత్తనాల కంపెనీతో ఉన్న ఒక ఒప్పందం బయటపడినప్పుడు జనం గట్టిగా అడ్డుకోవడం, అది వెనక్కి పోవడం ఛత్తీస్‌గఢ్ రైతులు గర్వంగా చెప్పుకొనే కథ. వరి మీద ఇంత పట్టింపు ఉన్న నేలలో, అన్నం నానిన నీళ్ల మీద కూడా పట్టింపు ఉండటం సహజం.

నగరీ దూబరాజ్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సువాసన బియ్యాన్ని బాసీకి వాడటం నా దృష్టిలో వృథా. దాని వాసన వేడి అన్నం ఆవిరిలో ఉంటుంది, నీళ్లు పోస్తే పోతుంది. గుర్మటియా, మహామాయ లాంటి లావు గింజ అయితే రాత్రంతా నీళ్లలో ఉన్నా మెతుకు మెతుకుగానే నిలుస్తుంది. పొద్దున వేళ్లతో నొక్కితే మెత్తగా చితకాలి, అంతే తప్ప తనంతట తాను కరిగి నీళ్లలో కలవకూడదు. కరిగితే నీళ్లు జిగురెక్కుతాయి. తాగడానికి తేట ఉండదు.

తర్వాత వండటం. మన పాతకాలపు వంటలాగే అక్కడా నీళ్లు ఎక్కువ పెట్టి, గంజి వార్చే పద్ధతి ఉంది. కుక్కర్లో మెత్తగా ఉడికిన అన్నానికి ఈ తీరు కుదరదు. వార్చిన అన్నం పొడిపొడిగా ఉండి, పోసిన నీళ్లు మెతుకుల మధ్యకు సులువుగా చేరతాయి.

అసలు నేర్పు చల్లార్చడంలో మొదలవుతుంది. వేడి అన్నం మీద నీళ్లు పోస్తే అంతా పాడు. గిన్నె మూతపెట్టి గోరువెచ్చగా గంటల తరబడి వదిలేసినా ప్రమాదమే. ఉడికినా చావని బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు అన్నంలో ఉంటాయి, వాటికి ఆ నులివెచ్చదనం బాగా నచ్చుతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చేది అదే. అన్నాన్ని వెడల్పుగా పరిచి, ఆవిరి పోనిచ్చి, చేయి పెడితే చల్లగా తగిలాక వెంటనే నీళ్లలో ముంచేయడం అందుకే. ఈ పద్ధతి పాటించే అవ్వకు ఆ బాక్టీరియా పేరు తెలియదు. ఏ గంటలో ఏం చేయకూడదో మాత్రం ఆమెకు తెలుసు, తన కోడలికి అదే నేర్పుతుంది.

చల్లారడంలో మరో మార్పు కూడా జరుగుతుంది. వేడికి ఉబ్బి విచ్చుకున్న పిండి పదార్థం చల్లబడే కొద్దీ మళ్లీ గట్టిగా అల్లుకుంటుంది. అందులో కొంత భాగం మన చిన్నపేగుకు లొంగదు. పోషకాహార శాస్త్రంలో దాన్ని రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు. అది పీచులాగే పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి సూక్ష్మజీవులకు మేత అవుతుంది. సోడా కంపెనీ ఏదో మొక్క నుంచి తీసి డబ్బాలో వేస్తున్న పీచు చేసే పని కూడా ఇదే. ఇక్కడ అన్నం చల్లారే తీరే ఆ పని చేసి పెడుతోంది.

నీళ్లు మెతుకుల మీద వేలెడు ఎత్తు నిలవాలి. ఇది కేవలం దాహం లెక్క కాదు. నీళ్లలో మునిగిన మెతుకుకు గాలి ఆడదు. పుల్లదనం తెచ్చే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాకు గాలితో పని లేదు. బూజుకు గాలి కావాలి. ఒక్క మెతుకు నీటి పైన తేలి ఎండినా బూజు అక్కడే కాలు పెడుతుంది. అందుకే పడుకోబోయే ముందు మరోసారి మూత తీసి, పీల్చుకున్న నీళ్లకు బదులు ఇంకొన్ని పోస్తారు. ఎంత చిన్న పనో చూడండి. పానీయం బాగుపడటమా చెడటమా అన్నది ఆ చెంబెడు నీళ్ల మీద ఆధారపడి ఉంటుంది.

గిన్నె సంగతి. మట్టి పాత్ర చెమర్చి లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. కడిగినా దాని రంధ్రాల్లో నిన్నటి బాక్టీరియా కొంత మిగిలే ఉంటుంది, కొత్త అన్నానికి అదే తోడు. ఇప్పుడు పట్నంలో చాలా ఇళ్లలో స్టీలు గిన్నెలే. అల్యూమినియం మాత్రం పులుపుకు పనికిరాదు.

ఇక రాత్రి. రాయ్‌పూర్‌లో మే నెల రాత్రి కూడా ఉష్ణోగ్రత 28, 30 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. పులియడం చకచకా సాగుతుంది. రాత్రి పది గంటలకు పోసిన నీళ్లు తెల్లారి ఆరింటికి చక్కగా పులుస్తాయి, పది దాకా ఆగితే ముక్కు మూసుకోవాల్సి వస్తుంది. డిసెంబరులో చలి రాత్రికి అదే గిన్నె మందకొడిగా నడుస్తుంది. అప్పుడు నీళ్లు ముందే పోయాలి, పొయ్యికి కాస్త దగ్గరగా పెట్టాలి. గడియారం చూసి చేసే పని కాదిది. మూత తీయగానే వచ్చే వాసన, నీళ్ల అంచున చిన్న బుడగలు, చిటికెడు నీళ్లు నాలుక మీద వేసుకుంటే తగిలే చురుకు, ఈ మూడూ చెబుతాయి.

ఆ బుడగల దగ్గర నేను ఆగిపోతాను. పులిసే అన్నంలో ఉండే లాక్టిక్ బాక్టీరియాలో కొన్ని జాతులు ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదులుతాయి. ల్యూకోనాస్టాక్ అలాంటిదే. సోడా ఫ్యాక్టరీలో సిలిండర్ నుంచి ఒత్తిడితో నీళ్లలోకి ఎక్కించే వాయువు కూడా అదే. బాసీ నీళ్లలో అది అతి కొద్దిగా, నాలుకకు తెలిసీ తెలియనంతగా ఉంటుంది. అయినా అది ఆ గిన్నెలోనే, ఆ అన్నం నుంచే పుట్టిన వాయువు. పులుపూ, మెల్లని గ్యాసూ, కరిగిన పిండి ఇచ్చే నునుపూ, తర్వాత పడే ఉప్పూ కలిసి ఒక పూర్తి పానీయపు రుచి తయారవుతుంది. రుచి కోసం బయటినుంచి తెచ్చి కలిపింది ఉప్పు ఒక్కటే.

ఉప్పు ఎప్పుడు వేస్తారన్నది కూడా గమనించదగ్గది. రాత్రి వేయరు. పొద్దున, తినే ముందు వేస్తారు. ముందే వేస్తే పులియడం నెమ్మదిస్తుంది, పులుపు ఎంతవరకు వచ్చిందో నాలుకకు సరిగా దొరకదు. పక్కన పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా పచ్చడి, లాల్ భాజీ లేదా చేంచ్ భాజీ లాంటి ఆకుకూర, ఒక్కోసారి మజ్జిగ. పులిసిన నీళ్లలో లేని విటమిన్ సి పచ్చిమిర్చి నుంచి, టమాటా నుంచి వస్తుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది.

ఇనుము మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అన్నం రాత్రంతా నానితే అందులో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని ఫోన్లలో తెగ తిరుగుతోంది. నీళ్లలో నానితే ఇనుము కొత్తగా పుట్టదు. జరిగేది ఇంకా ఆసక్తికరమైన సంగతి. గింజలో ఇనుమును, జింకును కట్టిపడేసే ఫైటిక్ ఆమ్లం పులియడంలో కొంత విరిగిపోతుంది, ఉన్న ఇనుమే ఒంటికి అందే వీలు పెరుగుతుంది. ఒడిశాలో బాసీలాంటి నీళ్ల అన్నాన్ని పఖాళ అని, దాని నీళ్లను తొరాణి అని అంటారు. భువనేశ్వర్ ఎయిమ్స్ పరిశోధకులు దాన్ని పరీక్షించి, అందులో పేగు గోడకు మేలు చేసే చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు ఉన్నాయని చెప్పారు. ఈ నీళ్లు గొప్పవని చెప్పడానికి ఇది చాలు. అబద్ధపు అంకెలతో పొగిడితే మంచి పదార్థానికే చెడ్డపేరు వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లకు బాసీ అయినా అన్నమేనని, రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు చేయి తగ్గించాలని కూడా పొగిడే నోటితోనే చెప్పాలి.

తెలుగువాళ్లకు ఇదంతా పరాయి విద్య కాదు. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం పూర్తయింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి బతుకుతెరువుకు వెళ్లి రాయ్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబాలకు బాసీ గిన్నె చూస్తే తరవాణి కుండ గుర్తుకు వస్తుంది. రెండింటి పనితనంలో మాత్రం ఒక అందమైన తేడా ఉంది. తరవాణి కుండను పూర్తిగా ఖాళీ చేయరు. గంజి, బియ్యం కడుగు నీళ్లు రోజూ కలుపుతూ, పాత పులుపుతో కొత్తదాన్ని పులియబెడుతూ వేసవంతా నడిపిస్తారు. దబ్బాకు వేసి, ఉప్పు వేసి వాసన చక్కదిద్దుతారు. బాసీ అలా కాదు. ఏ రాత్రికి ఆ రాత్రి కొత్తగా మొదలై, పొద్దునకల్లా ముగుస్తుంది. తరవాణిలో పులుపు లోతుగా, కాస్త మొరటుగా ఉంటుంది. బాసీలో లేతగా ఉంటుంది. ఆ లేతదనం పోకముందే తాగాలన్న తొందర బాసీకి ఉంది. నాకు రెండూ ఇష్టమే. తాగడానికి అయితే బాసీ నీళ్లకే ఓటు వేస్తాను.

రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా బస్తర్ వైపు వెళ్తే వరికి తోడు రాగి వస్తుంది. అక్కడి మండియా పేజ్ మన ఉత్తరాంధ్ర చోడంబలికి తోబుట్టువు. రాగి పిండిని ముందురోజే నీళ్లలో కలిపి పులవనిస్తారు. మర్నాడు నూకలు ఉడుకుతున్న ఎసట్లో దాన్ని పోసి కలియబెడతారు. ఉడికి చల్లారిన జావను ఆనపకాయ బుర్రలో నింపుకుని అడవికి, పొలానికి పోతారు. ఎండిన బుర్ర తేలిక, వేడిని త్వరగా లోపలికి రానివ్వదు, పగిలితే పెరట్లో మరొకటి కాస్తుంది. ఆకు దొన్నెలో పోసుకుని తాగుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పేజ్‌లో పులియబెట్టడం ముందు, ఉడికించడం తర్వాత. బాసీలో ఉడికించడం ముందు, పులియబెట్టడం తర్వాత. అందుకే బాసీలో బాక్టీరియా బతికి ఉంటుంది, పేజ్‌లో పులుపు మాత్రమే మిగులుతుంది. ఒక రాష్ట్రంలోనే రెండు పద్ధతులు, రెండు గింజలకు తగినట్టు. రాగి పిండిని పచ్చిగా తాగలేం కదా.

ఇంత జాగ్రత్తగా తయారయ్యే పానీయానికి సీసా మీద పేరు లేదు. పేరు బ్రహ్మాండంగా ఉండి లోపల సరుకు తేలిపోయిన పానీయాల కథ హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ పోరాటంలో చూశాం. విరేచనాలైన పిల్లలకు ఇవ్వాల్సిన ఓఆర్‌ఎస్ పేరును చక్కెర పానీయాల డబ్బాల మీద ముద్రించడాన్ని ఆమె ఏళ్ల తరబడి ఎదిరించారు. చివరకు 2025 అక్టోబరు 14న ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకానికి గతంలో ఇచ్చిన వెసులుబాటును రద్దు చేసింది. అసలు ఓఆర్‌ఎస్ లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న నీళ్లు పేగుల్లోకి వెళ్తే ఒంట్లోని నీటిని ఇంకా బయటికి లాగుతాయి, విరేచనాలు పెరుగుతాయి.

గంజికి ఈ కథలో గౌరవమైన చోటు ఉంది. బియ్యపు పిండితో చేసిన ఓఆర్‌ఎస్‌ను ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రం 1980ల నాటికే కలరా రోగుల మీద పరీక్షించి, అది బాగా పనిచేస్తుందని చూపింది. పిండి పదార్థం పెద్ద అణువు, పేగులో నెమ్మదిగా విరుగుతూ గ్లూకోజును కొంచెం కొంచెంగా అందిస్తుంది, నీటిని బయటికి లాగదు. వార్చిన గంజిలో ఉప్పు వేసి తాగే అలవాటు వెనుక ఇదే కిటుకు ఉంది. జబ్బు చేసిన పిల్లాడికి మాత్రం కొలత ప్రకారం చేసిన ఓఆర్‌ఎస్ పొట్లమే ఇవ్వాలి. ఎండలో పనిచేసే పెద్దవాళ్ల చెమటకు బదులు తీర్చడానికి పసియాను మించినది నాకు తెలియదు.

2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపుతో రాయ్‌పూర్‌లో అధికారులు, నాయకులు బోరే బాసీ తిని ఫొటోలు పెట్టారు. రాజకీయం ఎంతైనా ఉండనీ, ఆ రోజు ఒక మేలు జరిగింది. అతిథి వస్తే దాచిపెట్టే గిన్నె బల్ల మీదికి వచ్చింది. కూలివాడి తిండి అనే చిన్నచూపు బాసీని ఎన్నో చదువుకున్న ఇళ్ల నుంచి తరిమేసింది. ఆ ఇళ్లలోనే ఇప్పుడు పిల్లలు కొంబుచా అనే పులియబెట్టిన టీ సీసాలు కొంటున్నారు.

దీన్ని సీసాలో పోసి అమ్మవచ్చుగా అని అడిగేవాళ్లు ఉంటారు. రాష్ట్ర అటవీ ఉత్పత్తుల సమాఖ్య ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్ పేరుతో మారేడు షర్బత్ అమ్ముతోంది, అది బాగానే ఉంది. చక్కెర పాకం దాన్ని నిలవ ఉంచుతుంది. బాసీ నీళ్లకు ఆ రక్షణ లేదు. మూత బిగిస్తే గ్యాసు పెరుగుతుంది, పులుపు గంట గంటకూ ముదురుతుంది. వేడిచేసి శుద్ధి చేస్తే బాక్టీరియా చచ్చిపోతుంది, తేట విరిగిపోతుంది. సీసా ప్రయత్నాలు చేసేవాళ్లు చేయనీ, నాకు అంతకన్నా అత్యవసరంగా కనిపించే పని వేరే ఉంది. వరి రకాల కోసం రిఛారియా చేసిన పనిని పులియబెట్టే పద్ధతుల కోసం ఎవరైనా చేయాలి. అదే రాయ్‌పూర్ విశ్వవిద్యాలయంలో వరి నమూనాల చిట్టా పక్కనే మరో చిట్టా తెరవచ్చు. ఏ ఊరు, ఏ బియ్యం, వార్చిందా ఇగిర్చిందా, మట్టి కుండా కంచు గిన్నా, బావి నీళ్లా కుళాయి నీళ్లా, ఏ నెలలో ఎన్ని గంటలు, ఉప్పు ఎప్పుడు, పొద్దున నీళ్ల పులుపు ఎంత అని రాసుకోవాలి. చెప్పిన ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు కూడా ఆ వరుసలో రాయాలి. విత్తనాన్ని చల్లని గదిలో పెట్టి దాచవచ్చు. ఈ విద్యను దాచే గది లేదు. కుక్కర్లో వండిన అన్నం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టే ఇళ్లు పెరుగుతున్న కొద్దీ ఆ చిట్టాలో రాయించగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు, కాబట్టి పని వచ్చే ఎండాకాలమే మొదలు కావాలి.